పాత .32 పిస్టల్ కొనేవాళ్లకు జాగ్రత్త: బ్యారెల్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

లైసెన్స్ మీద సెకండ్ హ్యాండ్ .32 పిస్టల్ కోసం చూస్తున్న గోదావరి జిల్లాల వాళ్లు దయచేసి ఇది చదవండి. నరసాపురం వైపు ఒకాయన దగ్గర మా బాబాయి కొన్న పిస్టల్ పైకి కొత్తదానిలా మెరిసిపోతోంది. "ర్యాంప్ పాలిష్ చేయించానండీ, తూటా ఎక్కడా పట్టదు" అన్నాడు అమ్మినాయన. నిజంగానే షూటింగ్ రేంజ్‌లో ఒక్కసారీ జామ్ కాలేదు. కానీ కింద పడిన ఖాళీ తూటాలు ఏరి చూస్తే ప్రతిదానికీ అడుగు దగ్గర ఒకవైపు పొట్ట ఉబ్బింది. చేతికి ఏమీ కాకపోవడం మా అదృష్టం.

తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడిని కాచుకునేది తూటా పల్చటి ఇత్తడి గుల్ల కాదు, దాని చుట్టూ ఉన్న ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఉక్కు గోడ. మ్యాగజైన్ నుంచి తూటా పైకి జారడానికి ఛాంబర్ నోటి దగ్గర, కింది వైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. అదే ఫీడ్ ర్యాంప్. ఆ చెక్కుడు లోపలికి పోయినకొద్దీ ఇత్తడికి దన్ను తగ్గిపోతుంది. అన్‌సపోర్టెడ్ బ్యారెల్ అనేది దీన్నే. అక్కడ ఇత్తడి చిరిగితే వేడి గ్యాస్ కిందికి, మ్యాగజైన్‌లోకి తన్నుకొస్తుంది. మన చెయ్యి ఉండేది అక్కడే.

కంపెనీ నుంచే ఇలా దన్ను లేని కాస్త సందుతో వచ్చిన .32 బ్యారెల్‌ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. .32 ఏసీపీ అనే .32 పిస్టల్ తూటా ఒత్తిడి పరిమితి 20,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అదే .40 ఎస్ అండ్ డబ్ల్యూ అనే పెద్ద తూటాకి 35,000. అమెరికాలో ఈ పొట్ట ఉబ్బే గొడవ ముదిరింది అలాంటి తూటాలతోనూ, .38 సూపర్ అనే తూటాలో మందు ఎక్కువ దట్టించిన పోటీ షూటర్ల దగ్గరా. పైగా పూర్తి సపోర్ట్ ఉన్న బ్యారెల్‌లో ర్యాంప్ నిటారుగా ఉండి కొన్ని తూటాలు సరిగా ఎక్కకపోవచ్చు కూడా. నా భయమంతా తర్వాత గ్రైండర్ పెట్టిన వాటి గురించే. మన ఉప్పుగాలికి బీరువాలో దాచిన ఇనుము కూడా తుప్పు పడుతుంది. ఆ గుంటలు కనపడకుండా అరగదీస్తే మెరుపొస్తుంది, ఉక్కు పోతుంది. పోయిన ఉక్కు మళ్లీ రాదు, బ్యారెల్ మార్చాల్సిందే.

మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీయేనని రెండుసార్లు చూశాక, బ్యారెల్ ఊడేదైతే విప్పించండి. అందులో డమ్మీ (మందు లేని) తూటా వేసి కింది వైపు చూడండి. అడుగున ఉండే దళసరి భాగం కాస్త కనిపిస్తే ఫర్వాలేదు, దాన్ని దాటి పల్చటి గోడ కూడా బయటికి కనిపిస్తే ఆ బేరం వద్దు. బ్యారెల్ ఊడకపోతే ఆ పిస్టల్‌లోనే కాల్చిన ఖాళీ తూటాలు అడిగి, అడుగు అంచు పక్కనుండే గాడికి పైభాగం చుట్టూ గోటితో తడమండి. పొట్ట ఉంటే గోటికి తెలిసిపోతుంది. అలాంటిది ఇప్పటికే మీ దగ్గరుంటే ఇంకొక్క తూటా కూడా కాల్చకండి.

1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం రిపేరు చేసేవాడికీ లైసెన్స్ ఉండాలి, కాబట్టి "పాలిష్" చేసినవాడి బిల్లు అడగండి. లైసెన్స్‌దారు సొంత ఆయుధం అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేట్‌కో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. "వేరేవాళ్లు అడుగుతున్నారండీ" అని ఎంత తొందరపెట్టినా, ఆ గడువులోనే తెలిసినవాళ్ల చేత బ్యారెల్ చూపించుకుని, ఆ తర్వాతే డబ్బు తియ్యండి.