గులాబీకి వేప నూనె: నాలుగు చలికాలాలు కొట్టి చూశాక

పర్లాకిమిడి పక్కన మాకు ముప్పై సెంట్ల పూలతోట ఉంది. సగం గులాబీ, మిగతాది చామంతి, గట్ల మీద బంతి. నాలుగేళ్లుగా తెగుళ్లకి వేప నూనె, వేప గింజల కషాయం, వెల్లుల్లి రసం వాడుతున్నాను. బూడిద తెగులుకి వేప నూనె బాగా పనిచేసింది. వానాకాలం వచ్చే నల్లమచ్చకి మాత్రం అది చాలదు.

ఇక్కడ కార్తీకం దాటితే పగలు ఎండ, తెల్లవారుజామున చలి. బూడిద తెగులుకి అదే అదును, ఆకు తడవాల్సిన పని కూడా లేదు. ముందు లేత ఆకుల అంచులు పైకి ముడుచుకుంటాయి. తర్వాత మొగ్గ కింద మెడ దగ్గర పిండి చల్లినట్టు తెల్లబడుతుంది. ముడుత కనబడిన రోజే మందు కొట్టాలి. మెడ తెల్లబడిన మొగ్గ ఇక సరిగ్గా విచ్చుకోదు. మొదటి ఏడాది అలా ఆలస్యం చేసి సంక్రాంతి పూలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు వారానికోసారి, సాయంత్రం ఎండ తగ్గాక, ఆకు అడుగు కూడా తడిసేలా కొడుతున్నాను.

అసలు పనంతా నూనె కలపడంలోనే ఉంది. లీటరుకి 5 మిల్లీలీటర్లు, అంటే 15 లీటర్ల ట్యాంకుకి 75. ఆ నూనెలో ముందు సబ్బు నీళ్లు పోసి, పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. అప్పుడే ట్యాంకులో పోయాలి. నేరుగా పోస్తే నూనె పైకి తేలిపోతుంది, ట్యాంకు అయిపోయే వేళకి ఒట్టి నూనె పడుతుంది. మా చివరి సాలులో ఆరు మొక్కల చిగుళ్లు అలాగే మాడిపోయాయి.

ఇంకోసారి గంధకం కొట్టిన ఐదో రోజున నూనె కొట్టాను. ఆకులు సెగ తగిలినట్టు కమిలిపోయాయి. రెండింటికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. రెండూ ఒకే కొట్టులో కొన్నాను, వాళ్లు ఒక్క మాట చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

గింజల కషాయం మాత్రం తెగులు కంటే పురుగుకే ఎక్కువ పనికొచ్చింది. లీటరు నీళ్లకి 50 గ్రాముల వేప పప్పు పొడి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పిండుతాను. గింజల్ని నీడలో ఆరబెట్టి గోనెసంచిలో దాచుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి వాటికే బూజు వస్తుంది.

వెల్లుల్లి సంగతి వేరు. దంచినప్పుడు పుట్టే ఆ ఘాటే మందు, అది ఎక్కువసేపు నిలవదు, ఎప్పటికప్పుడు దంచుకోవాలి. చామంతి మీద ఆకుమచ్చ కొంత తగ్గినట్టే అనిపించింది. కానీ కోతకి రెండు రోజుల ముందు కొట్టిన పూలు బజారుకి తీసుకెళ్తే, పూలు కొనే అక్క దోసిట్లోకి తీసుకుని వాసన చూసి పక్కన పెట్టేసింది. "చెల్లీ, వెల్లుల్లి వాసనొస్తున్న పూలు దేవుడి పటానికి ఎవరు వేస్తారమ్మా?" అంది. ఆవిడ మాట నిజమే. ఆ బుట్ట వెనక్కి తెచ్చేశాను. అప్పటినుంచి మొగ్గ రంగు తిరిగిందంటే వెల్లుల్లి కొట్టడం లేదు. నూనె కూడా అప్పటికి ఆపేస్తున్నాను, తెల్ల చామంతి రేకుల మీద మరకలు పడుతున్నాయి.

నల్లమచ్చకి రెండు వానాకాలాలు పట్టుబట్టి నూనె ఒక్కటే కొట్టాను. వాన కడిగేస్తుంది, నేను మళ్లీ కొడతాను, ఈలోగా కింది ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతాయి. మూడో ఏడు రసాయన తెగులు మందు మాంకోజెబ్‌కి వెళ్లాను, మనసుకి కష్టంగానే ఉంది. దాంతోపాటు నీళ్లు మొక్క మొదట్లోనే పోస్తున్నాం, గుబురు కొమ్మలు కత్తిరిస్తున్నాం. మా అత్తగారు రోజూ పొద్దున్నే రాలిన ఆకులు ఏరి గంపకెత్తి కాల్చేస్తున్నారు. ఆ గంప మొదలుపెట్టాక మాంకోజెబ్ సగానికి సగం తగ్గింది.