సోంగ్-కోల్ ఒడ్డున మేం కట్టిన గుండ్రటి ఇల్లు

మా పిన్ని కొడుకు కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ నాలుగో ఏడు. 2024 మేలో అక్కడ విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు జరిగినప్పటి నుంచి పిన్నికి ఒకటే టెన్షన్. "ఓసారి వెళ్లి వాడెలా ఉన్నాడో చూసి రా నాన్నా" అని ఏడాది పాటు పోరితే, జూన్‌లో ఢిల్లీ మీదుగా బయల్దేరాను. వాడు బాగానే ఉన్నాడు, నాకంటే లావయ్యాడు కూడా. ఇద్దరు రూమ్మేట్లని వెంటేసుకున్నాడు. ఒకడిది నల్గొండ, ఇంకొకడిది తెనాలి. "అన్నా, సిటీలో ఏముంది, కొండల్లోకి పోదాం పద" అన్నాడు తమ్ముడు.

సిటీ గురించి ఒక్క మాట. వేసవి మొదట్లో పైపులైన్ల మరమ్మతు కోసం వేడినీళ్లు కొన్నాళ్లు ఆపేస్తారు. మేం బుక్ చేసిన చోట ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, రెండు రోజులు గడ్డకట్టే నీళ్లతోనే స్నానం. రూమ్ తీసుకునేటప్పుడు గీజర్ ఉందో లేదో అడగండి. డబ్బు లెక్క మాత్రం తేలిక, సోమ్ దాదాపు మన రూపాయికి సమానం.

ముందు ఇస్సిక్-కోల్ సరస్సు దక్షిణపు ఒడ్డున కిజిల్-తూ అనే ఊరికి వెళ్లాం. యుర్త్‌లు, అంటే విప్పి మోసుకుపోగల గుండ్రటి గుడారపు ఇళ్లు, తయారుచేసే ఊరది. అక్కడి వాళ్లు బోజ్-ఉయ్ అంటారు. పెరట్లో విల్లో కర్రలు బెరడు తీసి కట్టలు కట్టి ఉన్నాయి. వాటిని ఆవిరికి మెత్తబరిచి, చెక్క అచ్చులో పెట్టి వంచుతున్నారు. గోడ జాలీకి మేకులుండవు. కర్రకి కర్ర అడ్డంగా పెట్టి, చిల్లులోంచి పచ్చితోలు దారం దూర్చి ముడేస్తారు. ఆరాక అది మేకు కంటే గట్టిది. మన షాపుల ముందు లాగే గ్రిల్ గేటు లాగా మడుస్తే చిన్నదవుతుంది, లాగితే గోడవుతుంది. తర్వాత టూరిస్టుల చేత ఒక చిన్న యుర్త్ కట్టిస్తారు. సరదాగానే ఉంటుంది గానీ, వాళ్లు రోజుకెన్నిసార్లు కట్టి విప్పుతారో ఏమో, మన చేయి పడేలోపే పని అయిపోతుంది. ఒక్కరోజే ఉన్నవాళ్లకి ఇది చాలు.

తర్వాత కొచ్కోర్ అనే ఊరు. మొత్తం ట్రిప్‌లో ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది అక్కడి గెస్ట్‌హౌస్‌లోనే. శుభ్రమైన పరుపులు, నేలమీద రంగురంగుల ఉన్ని తివాచీలు, పొద్దున్నే అప్పుడే కాల్చిన రొట్టె, ఇంటి జామ్. చేసిన తప్పల్లా టాక్సీ బజార్లో మాట్లాడుకోవడం. సోంగ్-కోల్ సరస్సు దాకా అని ఒప్పుకున్నవాడు 3,400 మీటర్ల కల్మక్-అషూ కనుమ మీద బండి ఆపి ఇంకో వెయ్యి అడిగాడు. చుట్టూ మంచు, దిగితే దిక్కులేదు. ఇచ్చాం. గెస్ట్‌హౌస్ వాళ్ల ద్వారానో, ఊళ్లోని పర్యాటక సంఘం ఆఫీసులోనో బండి మాట్లాడుకుంటే ఈ గొడవ ఉండదు.

సోంగ్-కోల్ 3,016 మీటర్ల ఎత్తులో ఉంది. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. మొదటి రాత్రి పెద్ద క్యాంపులో దిగాం. వరసగా పదిహేను యుర్త్‌లు, ఇనప మంచాలు, జనరేటర్ మోత, పాటలు. అందరికీ తలనొప్పి, సగం ఎత్తు వల్ల, సగం ఆ పాటల వల్ల. పొద్దున్నే మూట సర్దుకుని ఒడ్డు వెంట నడుస్తుంటే, ఒక కుటుంబం లారీలోంచి సామాను దించుతూ కనిపించింది. ఒక యుర్త్ లేచింది, రెండోది నేల మీదే ఉంది. తమ్ముడు "ఎజే, సాయం చేయమంటారా?" అని వచ్చీరాని కిర్గిజ్‌లో అడిగాడు. ఎజే అంటే అక్క, బైకే అంటే అన్న. ఆవిడ మా నలుగురినీ పైనుంచి కిందికి చూసి, ఒక తాడు నా చేతిలో పెట్టింది.

ముందు గుమ్మం నిలబెట్టారు. దాన్నుంచి జాలీ గోడని గుండ్రంగా లాగి, చుట్టూ నేత పట్టీ బిగించారు. ఆ ఇంటి బైకే మధ్యలో నిలబడి, కొస చీలిన గుంజ మీద తుందుక్ పైకెత్తాడు. కప్పు నడినెత్తిన ఉండే చెక్క చట్రమది, వాళ్ల జెండా మీద సూర్యుడి మధ్యలో కనిపించేది అదే. ఇక మా పని. వంగిన కర్ర ఒక కొసని తుందుక్ అంచు చిల్లులోకి దూర్చి, రెండో కొసని గోడకి కట్టాలి. ఎదురెదురుగా నాలుగు పడేదాకా బైకే కదలకూడదు. నలుగురం నాలుగు వైపులా నిలబడి ఒకేసారి దూర్చాం, ఆయన నెమ్మదిగా గుంజ వదిలాడు. చట్రం గాల్లో నిలబడింది! తర్వాత ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోవడమే. మొత్తం 65 కర్రలు. నేను మధ్యలో ఒక చిల్లు వదిలేశాను. అది ఎవరూ చూడలేదు, ఎజే చూసేసరికి ఆ పక్కంతా మెలి తిరిగింది. తొమ్మిది కర్రలు విప్పించింది. ముడి మూడుసార్లు చూపించినా నాకు రాలేదు. వాళ్ల పదేళ్ల పాప వచ్చి నవ్వుకుంటూ నావన్నీ మళ్లీ కట్టింది.

పైన కప్పే ఉన్ని నమ్దాలు, అంటే ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి పరదాలు, మోయడం అసలు కష్టం. ఆ ఎత్తులో పది అడుగులు వేస్తే ఆయాసం. నమ్దా కప్పి తాళ్లు బిగించాక లోపలికి వెళ్తే మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. భీమిలి దగ్గర. చుట్టిల్లు ఉండేది, గాలివాన వస్తే పక్కిళ్లవాళ్లూ అందులోకే వచ్చేవాళ్లు. ఇక్కడా అంతే, బయట గాలి హోరెత్తుతోంది, లోపల చడీచప్పుడు లేదు. తేడా ఒకటే, ఇది సెప్టెంబర్లో మళ్లీ లారీ ఎక్కుతుంది.

ఆ రాత్రి అందులోనే పడుకున్నాం. పొయ్యిలోకి పిడకలు. చెట్లు లేని చోట ఇంకేం ఉంటాయి? నల్గొండ అబ్బాయి సంబరపడి, రాత్రంతా తనే ఎగదోశాడు. గుర్రప్పాల కుమిస్ ఇచ్చారు. పులిసిన తరవాణికి పొగ వాసన పట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. తెనాలి అబ్బాయి రెండో గిన్నె అడిగాడు, నేను మొదటిదే పూర్తి చేయలేదు. శాకాహారులకి రొట్టె, మీగడ, బంగాళదుంప తప్ప పెద్దగా ఏమీ దొరకదు. కందిపొడి పట్టుకెళ్లండి. బాత్రూమ్ నూరడుగుల దూరంలో చెక్కడబ్బా, టార్చ్ తప్పనిసరి.

అర్ధరాత్రి వాన. సరిగ్గా నా దిండు మీద బొట్టు బొట్టుగా పడింది. టార్చ్ వేసి చూస్తే నేను లాగిన తాడు దగ్గరే నమ్దా జారింది. ఇల్లు కట్టామని ఎజే అద్దె తగ్గించలేదు, మేమూ అడగలేదు. భోజనంతో కలిపి తలకి రెండు వేల లోపే.

కొచ్కోర్ చేరాక తమ్ముడు పిన్నికి ఫోన్ చేశాడు. ఎక్కడ పడుకున్నార్రా అంటే, "అన్న కట్టిన ఇంట్లోనే అమ్మా" అన్నాడు. స్పీకర్లో పిన్ని గొంతు: "వాడు కట్టిందా? కారలేదూ?"