ఆఫీసు ఖర్చు ఏ సైటు మీద వేయాలి? టాలీలో ఏ పద్ధతి మేలు

సిమెంటు, కంకర, స్టీలు ఏ సైటుకు పోయాయో చెప్పడం పెద్ద పని కాదు, చలానా మీదే రాసి ఉంటుంది. నల్లగొండలో చిన్న కాంట్రాక్టర్ల లెక్కలు చూసేవాళ్లకు తిప్పలంతా ఆఫీసు కిరాయి, అకౌంటెంటు జీతం, సైట్లన్నీ తిరిగే బొలెరో డీజిల్ దగ్గరే. కాంట్రాక్టరు మాత్రం ఒక్కటే అడుగుతాడు: "ఈ పనిల మనకేమన్న మిగిలిందా, లేదా?" ఆ జవాబు అన్ని సైట్లకూ కలిపి అయ్యే ఈ ఉమ్మడి ఖర్చును మీరు ఏ లెక్కన పంచారన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఉదాహరణకు ఒక నెల తీసుకుందాం. నకిరేకల్ దగ్గర సీసీ రోడ్డు, దేవరకొండలో స్కూలు బిల్డింగు, మిర్యాలగూడ దారిలో ఒక కల్వర్టు నడుస్తున్నాయి. వీటి డైరెక్ట్ ఖర్చు (ఆ సైటుకే నేరుగా అయ్యేది) వరుసగా 18 లక్షలు, 9 లక్షలు, 3 లక్షలు. ఉమ్మడి ఖర్చు 1,20,000. డైరెక్ట్ ఖర్చు నిష్పత్తిలో పంచితే రోడ్డుకు 72,000, స్కూలుకు 36,000, కల్వర్టుకు 12,000 పడతాయి. అదే కూలీ దినాల మీద, అంటే ఎంతమంది ఎన్ని రోజులు పనిచేశారన్నదాని మీద (200, 500, 100 అనుకుందాం) పంచితే 30,000, 75,000, 15,000. ఉమ్మడి ఖర్చు వేయకముందు స్కూలు పనిలో 60,000 మిగిలిందనుకోండి. మొదటి లెక్కలో 24,000 లాభం, రెండో లెక్కలో 15,000 నష్టం. సైటులో ఒక్క ఇటుక కూడా అటూ ఇటూ జరగలేదు.

ఏది నిజానికి దగ్గర? నా లెక్కలో రెండోదే. సీసీ రోడ్డుకు రెడీమిక్స్ లారీలు వస్తాయి, పెద్ద బిల్లులు రెండు మూడు ఎక్కిస్తే అయిపోయింది. స్కూలు బిల్డింగుకు మస్టరు (కూలీల హాజరు పట్టీ) రాయాలి, ప్రతి వారం చెల్లింపులు, తలుపుల వాడికీ కరెంటు వాడికీ వేరువేరు ఖాతాలు, సూపర్‌వైజరు రోజూ పోవాలి. ఆఫీసును అరగదీసేది మెటీరియల్ కాదు, మనుషులు.

అయితే కూలీ దినాల లెక్క మా దగ్గర దొరకడమే కష్టం. దేశమంతటా డ్యాములు కట్టిన పాలమూరు లేబర్ పద్ధతే వేరు: గుంపు మేస్త్రీకి గుత్తకు ఇస్తారు, ఎంతమంది వచ్చారన్నది అతని మాటే. గుత్త పనికి మస్టరు లేనప్పుడు దినాల మీద పంచడమంటే ఊహ మీద పంచడమే.

అందుకే నేను చెప్పేది నడిమి దారి: డైరెక్ట్ ఖర్చులో మెటీరియల్ తీసేసి, మిగిలిన కూలీ, గుత్త, కిరాయి యంత్రాల ఖర్చు మీద పంచండి. పై మూడు పనులకు ఆ ఖర్చు 4 లక్షలు, 4.5 లక్షలు, 1.5 లక్షలు అనుకుంటే వాటాలు 48,000, 54,000, 18,000. అంకెలన్నీ లెడ్జర్లలో ఉన్నవే, ఎవర్నీ అడగక్కర్లేదు.

వచ్చిన బిల్లుల మీద పంచే పద్ధతి ఒకటుంది. గవర్నమెంటు పనులు చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. బిల్లు ఎప్పుడు పాసవుతుందో మన చేతిలో ఉండదు. మార్చిలో బిల్లు వచ్చిన పని నెత్తిన మొత్తం భారం పడుతుంది, అసలు పని నడుస్తున్న సైటు ఉత్తగా బయటపడుతుంది.

సొంత జేసీబీని మాత్రం ఈ ఉమ్మడి మూటలో కలపకండి. లాగ్‌బుక్కు గంటల మీద వేరుగా వేయండి. డీజిల్ కాకుండా ఆపరేటరు జీతం, ఇన్సూరెన్సు, తరుగుదల కలిపి నెలకు 90,000, మామూలు నెలలో 150 గంటలు నడుస్తుందనుకుంటే గంటకు 600. వానల్లో 60 గంటలే నడిచిందని 90,000ను 60తో భాగిస్తే గంట 1,500 అవుతుంది. అప్పుడు 40 గంటలు వాడుకున్న కల్వర్టుకు 24,000 బదులు 60,000 పడుతుంది. ఆ 600 రేటే ఉంచి, మిగిలిన 54,000ను ఖాళీ ఖర్చుగా విడిగా చూపండి. నిర్మాణ కాంట్రాక్టుల అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 7 కూడా మామూలు స్థాయి పని ఆధారంగానే పంచమంటుంది. ఏ కాంట్రాక్టులోనూ వాడకుండా ఖాళీగా ఉన్న యంత్రం తరుగుదలను కాంట్రాక్టు ఖర్చులో కలపొద్దంటుంది. పని ఇచ్చినవాళ్లు తిరిగి ఇస్తామని కాంట్రాక్టులో రాసుకోని సాధారణ ఆఫీసు ఖర్చుకూ అదే రూలు. కాబట్టి పైన పంచిన 1,20,000 మన తెలివిడి కోసమే. ఏడాది చివర నడుస్తున్న పనుల విలువ కట్టేటప్పుడు దాన్ని బయట పెట్టాల్సిందే.

ఇక లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ. ఎఫ్11 కీ నొక్కి సెట్టింగుల్లో కాస్ట్ సెంటర్లు (ఖర్చు ఏ సైటుదో విడిగా చూపే పేర్లు) ఆన్ చేసి, సైటుకొకటి, "కామన్" అని ఒకటి పెట్టుకోండి. లెడ్జర్లలో కూడా కాస్ట్ సెంటర్ వర్తిస్తుందని "యెస్" పెట్టాలి. ప్రతి ఓచర్‌లో చేత్తో పంచడం నాలుగు రోజుల ముచ్చట. కాస్ట్ సెంటర్ క్లాసులో శాతాలు ముందే పెడితే టాలీయే పంచుతుంది, చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ కిరాయి 5వ తారీఖున కడతాం, ఆ నెల ఏ సైటులో ఎంత పని జరిగిందో 30న గాని తెలియదు. పైగా పని అయిపోయాక క్లాసు మార్చడం మరిచిపోతే, తాళం వేసిన సైటు మీద కూడా కిరాయి పడుతూనే ఉంటుంది.

నెలాఖరున ఒక్క జర్నల్ ఎంట్రీతో పంచడమే మేలు. నెలంతా ఉమ్మడి ఖర్చు "కామన్"లో పడనివ్వండి. "ఉమ్మడి ఖర్చు పంపకం" అని ఖర్చుల కింద ఒక లెడ్జర్ తెరిచి, అందులోనే సైట్ల పేరుతో డెబిట్, "కామన్" పేరుతో క్రెడిట్ వేయండి. లెడ్జర్ నిల్వ సున్నా, లాభనష్టాల ఖాతా కదలదు, సైట్ల రిపోర్టు మాత్రం మారుతుంది. ఆడిటరు వద్దంటే ఆ ఒక్క లెడ్జర్ చూసి వాటాలు తీసేయొచ్చు, కిరాయి, జీతాల ఖాతాలు ముట్టుకోనవసరం లేదు.

ఈఆర్‌పీనెక్స్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో కేటాయింపుకు తేదీ పెట్టొచ్చు: ఫలానా రోజు నుంచి ఈ శాతాలు, మొత్తం వంద కావాలి. పది, పదిహేను పనులు ఒకేసారి నడిపేవాళ్లకు అది అక్కరకొస్తుంది. మూడు నాలుగు సైట్లకు దాని కోసం టాలీ వదులుకోవడం దండగ.

టెండరుకు రేటు వేసేటప్పుడు మాత్రం ఏ ఒక్క నెల వాటాలూ చూడకండి. ఎస్టిమేటు రేట్లలో ఓవర్‌హెడ్, కాంట్రాక్టరు లాభం కలిసే ఉంటాయి. ఆ ఎస్టిమేటు కంటే ఎంత లెస్‌కు (తక్కువకు) పోవచ్చో తేల్చడానికి మీ ఏడాది మొత్తం ఉమ్మడి ఖర్చు, అదే ఏడాది చేసిన పని విలువలో ఎంత శాతమో తీయండి, బిల్లు వచ్చినా రాకపోయినా చేసిన పని అంతా కలిపి.