మిగిలింది వేడి చేయడమా, కొత్తగా వండటమా?

సాయంత్రం 7 గంటలకు ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడితే కనిపించే దారులు రెండే: మధ్యాహ్నం మిగిలింది వేడి చేసుకోవడం, లేదా మళ్లీ పొయ్యి వెలిగించడం.

మొదటిది పది నిమిషాల్లో తేలిపోతుంది. తోమాల్సిన గిన్నెలు తక్కువ, బుర్ర బద్దలు కొట్టుకునే పనీ లేదు. కొన్ని కూరలైతే మర్నాటికే రుచి తేలతాయి. అయితే షరతులున్నాయి. వండిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరి ఉండాలి, 3, 4 రోజులు దాటకూడదు, లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. అంచులు పొగలు కక్కుతూ నడుమ చల్లగా ఉంటే అది వేడి చేసినట్టు కాదు. అన్నంతో మరీ జాగ్రత్త: బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా బతికే ఉంటాయి. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే అవి మొలకెత్తి పెరిగి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు.

కొత్తగా వండితే ఈ లెక్కల బాధ తప్పుతుంది, వంటింటి వాసనకే ఆకలి లేచి కూర్చుంటుంది. కానీ కడగడం, తరగడం, తోమడం కలిసి గంట మింగేస్తాయి. అలసిన రోజున ఆ గంట చాలా పొడుగు.

నా మొగ్గు మిగిలినదాని వైపే, పక్కన ఒక గుడ్డో, నాలుగు పచ్చి కూరగాయ ముక్కలో చేర్చుకుని. డబ్బాలోది ఏ రోజుదో గుర్తు రాకపోతే మాత్రం ఇక వాదన లేదు, వంట మొదలుపెట్టాల్సిందే.