కాలౌట్ బాక్సులు: మూడేళ్ల వాడకం, ఒక రాత్రి ఫోన్

మాది హన్మకొండలో చిన్న ఆఫీసు. జిన్నింగ్ మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. దాని మాన్యువల్ మూడేళ్లుగా నేనే రాస్తున్నాను. పేజీ మధ్యలో నోట్, టిప్, వార్నింగ్ అని రంగు డబ్బాలుంటాయే, కాలౌట్ బాక్సులంటే అవే, వాటి గురించే ఈ గోడు.

మొదటి ఏడాది వాటి మీద నాకు మోజు. మేం వాడే టూల్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు కొట్టి, పక్కన వార్నింగ్ అని రాసి, కింది లైన్లను నాలుగు స్పేసులు లోపలికి జరిపితే చాలు, పేజీకి పెళ్లికళ వచ్చేది. "డబ్బాలో పెడితే చదవనోడు కూడా చదువుతాడు" అని ఆఫీసు గ్రూపులో రాసింది నేనే. ఆ మెసేజ్ ఇంకా అక్కడే ఉంది.

నిరుడు పత్తి సీజన్ మొదట్లో, పరకాల వైపు మిల్లు నుంచి రాత్రి తొమ్మిదింటికి ఫోన్. ఆ సాయంత్రమే కొత్త వెర్షన్ ఎక్కించుకున్న కాంటా ఆపరేటర్.

"అన్నా, పొద్దటి సంది కొట్టిన చిట్టీలు ఒక్కటి కనపడ్తలేవు. బయట బండ్లు లైన్ల ఉన్నయ్."

నిండు తూకం అయిపోయి, పత్తి దించేసి, ఖాళీ తూకానికి వచ్చిన బండ్లవి. నిండు తూకం కంప్యూటర్‌లో లేకపోతే ఆ రైతు తెచ్చిన పత్తి ఎంతో తేలేదెట్లా? దించిన పత్తిని మళ్లీ ఎక్కించి తూచలేం కదా.

"బ్యాకప్ తీస్కోలేదా తమ్మీ? వార్నింగ్ పెట్టినం కదా."

"ఏడ పెట్టిన్రు?"

"ఐదో స్టెప్ కింద, డబ్బాల."

"అసుంటి డబ్బాలు పేజీ నిండ ఉన్నయ్ గదనే. పైన రెండు చదివిన, మనకు పనికొచ్చేటియి కావు. ఇగ మిగిలినయి ఇడిసిపెట్టిన."

కోపం వచ్చింది. పేజీ తెరిచి లెక్కపెట్టాక దిగిపోయింది. పదకొండు డబ్బాలు. మొదటి దాంట్లో నేను రాసిన మహా విషయం, కొత్త వెర్షన్‌లో లోగో కాస్త వేరుగా కనిపిస్తుందని. పైగా అతను చూసింది జిరాక్స్ షాపులో తీయించిన బ్లాక్ అండ్ వైట్ ప్రింటు. నా ఎరుపు, నీలం, పసుపు అన్నీ అందులో ఒకటే బూడిద రంగు. వీటన్నిటికన్నా పెద్ద తప్పు, వార్నింగ్ స్టెప్ కింద ఉండటం. ఒకవేళ చదివినా, పని అయిపోయాకే కంటపడేది. విమానాల మెయింటెనెన్స్ మాన్యువళ్లలో హెచ్చరిక ఎప్పుడూ స్టెప్‌కు ముందే ఉంటుందని తర్వాత తెలిసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో నిండు తూకాలు రాసిపెట్టాడు కాబట్టి బతికాం. ఆపరేటర్ అది ఫోన్లో చదువుతుంటే నేను ఇక్కడి నుంచి ఎక్కిస్తూ ఒంటిగంట దాకా కూర్చున్నాం.

ఒక వ్యాసంలో ఇలాంటి డబ్బాలు ఒకటి రెండుకు మించి పెట్టొద్దని, వరసగా అసలే పేర్చొద్దని గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైటు) వాళ్ల సూచనల్లోనే ఉంది. అది నేను ముందే చదివాను. చదివి, మన పాఠకులు వేరు అనుకున్నాను. వేరే, కానీ నేననుకున్న వైపు కాదు.

ఇప్పుడు ఆ పేజీలో డబ్బాలు రెండే. బ్యాకప్ సంగతి డబ్బాలోంచి తీసి నాలుగో స్టెప్‌గా మామూలు వాక్యంలో పెట్టాను. కొత్త వెర్షన్ ఎక్కించే ఇన్‌స్టాలరే బ్యాకప్ తీసుకుంటే అసలు ఈ గొడవే ఉండదు కదా అని మా డెవలపర్‌ను అడిగితే, వచ్చే వెర్షన్‌లో అన్నాడు. ఆ వచ్చే వెర్షన్ కోసం ఎదురుచూస్తున్నాను.

అలాగని పూర్తిగా వదిలేయలేదు. శీర్షిక మార్చుకునే వీలుంటే డబ్బా పనికొస్తుంది. "వార్నింగ్" అన్న మాట తీసేసి "ఖాళీ తూకం అయ్యేదాకా కంప్యూటర్ ఆపొద్దు" అని శీర్షికలోనే పెట్టాక, ఆ విషయం మీద ఫోన్లు తగ్గాయి. గిట్‌హబ్‌లో అలర్టులనే డబ్బాల్లో ఆ వీలు లేదు. ఐదు రకాలు, ఐదు ఇంగ్లిష్ పేర్లు, అంతే. తెలుగు మాన్యువల్‌కు అది కుదరదు. మడిచిపెట్టే డబ్బాలు, అంటే శీర్షిక నొక్కితేనే తెరుచుకునేవి, మాత్రం నిజంగా నచ్చాయి, ప్రింటర్ తిప్పలన్నీ అందులో దాచేశాను. హెచ్చరికను మాత్రం మడవకూడదు.

నా పాఠకులు బయట బండి హారన్ కొడుతుంటే కాగితం చూసుకునేవాళ్లు. మీరు ప్రోగ్రామర్ల కోసం రాస్తుంటే లెక్క వేరేగా ఉండొచ్చు. మా ఆఫీసులో ఏపీఐ పేజీలు (మా సాఫ్ట్‌వేర్‌కు వేరే ప్రోగ్రామ్‌లను కలుపుకునే ప్రోగ్రామర్లకు) రాసే అమ్మాయి డబ్బాల మీద ఈగ వాలనివ్వదు.

ఈ సీజన్‌లో అదే మిల్లుకు వెళ్లాను. కొత్త పేజీ ప్రింటు కాంటా రూం గోడకు అతికించి ఉంది. నేను మామూలు వాక్యంగా మార్చిన నాలుగో స్టెప్ చుట్టూ అతనే ఎర్ర పెన్నుతో డబ్బా గీసుకున్నాడు.