ఆగగానే ఆఫ్ అయిపోయే కారు: స్లో పెంచడమా, కడగడమా, స్కాన్ చేయడమా, పార్టులు మార్చడమా?

రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ కారులో ఏ లోపమూ కనిపించదు. బ్రేక్ వేసి ఆపామో లేదో సీటు కింద నుంచి వణుకు మొదలవుతుంది. ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర నిలవకుండా 500కి జారి, మళ్లీ లేచి, ఇంకోసారి జారి సున్నాకి పడిపోతుంది. తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. తర్వాతి కూడలిలో మళ్లీ అదే తంతు.

ఈ బాధ నేను నాలుగు నెలలు పడ్డాను. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చమన్నారు. ఇంకొకరు థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం, కడిగితే చాలన్నారు. మరొకరు స్కానర్ పెట్టనిదే ఏమీ చెప్పలేమన్నారు. నాలుగో ఆయన స్క్రూ తిప్పి స్లో, అంటే కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే ఐడ్లింగ్ వేగం, పెంచేద్దామన్నారు. నలుగురూ అనుభవం ఉన్నవాళ్లే, నలుగురి మాటా ఏదో ఒక కారు విషయంలో నిజమే. నా కారు విషయంలో ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికే అంత కాలం పట్టింది. అందుకే ఈ నాలుగు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఇదంతా పెట్రోల్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్ల గురించి. డీజిల్ ఇంజిన్‌లో ఐడ్లింగ్ వేగం ప్రధానంగా ఇంధనం మోతాదుతో నిలుస్తుంది కాబట్టి ఆ లెక్క వేరు.

ముందు ఒక ప్రశ్న తేలాలి. పరుగెత్తేటప్పుడు లేని రోగం ఆగినప్పుడే ఎందుకు బయటపడుతుంది? యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతుంది. కేబుల్‌తో నడిచే పాత పద్ధతి థ్రాటిల్‌లో రేకు పక్కనుంచి ఒక సన్నటి దారి ఉంటుంది. ఐఏసీ అని పిలిచే ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్ ఆ దారిని అవసరాన్ని బట్టి తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో సాధారణంగా ఈ వాల్వ్ ఉండదు, మోటారే రేకును కొద్దిగా తెరిచి పట్టుకుంటుంది. ఎలాగైనా ఆ సమయంలో లోపలికి వెళ్లే గాలి చాలా తక్కువ. చిటికెడు మసి అడ్డుపడినా, చీలిన గొట్టం నుంచి కాస్త దొంగగాలి చొరబడినా అది మొత్తం గాలిలో పెద్ద వాటా అవుతుంది. అదే 2500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ పీల్చే గాలి బాగా ఎక్కువ కాబట్టి ఆ తేడా దాదాపు కనిపించదు. వేడెక్కిన ఇంజిన్ మామూలుగా 600 నుంచి 900 ఆర్‌పీఎం మధ్య నిలకడగా తిరగాలి. అలా తిరగడం లేదంటే గాలి లెక్క తప్పి ఉండాలి, లేదా పెట్రోల్ లెక్క తప్పి ఉండాలి, లేదా నిప్పురవ్వ సరిగా పడకపోతూ ఉండాలి. ఏ దారి పట్టినా ఈ మూడింటిలో ఏది తప్పిందో తేల్చగలగాలి.

స్లో పెంచడం

నాలుగింటిలో ఇది నాకు నచ్చని దారి. కార్బ్యురేటర్ ఉన్న రోజుల్లో స్లో స్క్రూ సవరించడం సర్వీసింగ్‌లో భాగమే, అలాంటి బండి ఇప్పటికీ ఉన్నవాళ్లకి అది సరైన పనే. ఇంజెక్షన్ కారులో మాత్రం థ్రాటిల్ రేకును ఆపే స్క్రూ ఫ్యాక్టరీలో అమర్చి వదిలేసినది. దాన్ని తిప్పితే రేకు పూర్తిగా మూసుకున్న చోటు మారిపోతుంది, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ తప్పు కొలత ఇస్తుంది, డ్రైవర్ కాలు తీశాడన్న సంగతి ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూకి సరిగా అందకపోవచ్చు. అసలు లోపం అలాగే ఉంటుంది, దాని ఆనవాళ్లు మాత్రం చెరిగిపోతాయి. తర్వాత చూసే మెకానిక్‌కి పని రెట్టింపు.

కడగడమా, స్కాన్ చేయడమా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. కడగడం వైపు ఉన్న వాదన బలమైనదని ముందే ఒప్పుకుంటాను. ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్ నుంచి తిరిగి వచ్చే నూనె ఆవిరి ఏళ్ల తరబడి థ్రాటిల్ రేకు అంచున జిగురులా పేరుకుంటుంది. కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ ఉన్న ఇంజిన్లలో పొగ మసి కూడా తోడవుతుంది. చాలా దూరం తిరిగి ఒక్కసారి కూడా థ్రాటిల్ బాడీ విప్పని కారు, ఏసీ వేయగానే లేదా ఆపగానే కునుకుతోందంటే మసి మీద అనుమానం న్యాయమైనదే. పని కూడా పెద్దది కాదు. గాలి గొట్టం విప్పి, క్లీనర్‌తో తడిపిన గుడ్డతో రేకు అంచులు తుడవాలి.

కానీ చేసే తీరులో తేడా వస్తే కొత్త తలనొప్పి తప్పదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో బలంగా నెట్టకూడదు, లోపలి గేర్లు పాడవుతాయి. కొన్ని థ్రాటిల్ బాడీల లోపల ప్రత్యేకమైన పూత ఉంటుంది, ఘాటైన కార్బ్యురేటర్ క్లీనర్‌తో గీకితే అది ఊడిపోతుంది. థ్రాటిల్ బాడీ కోసమే చేసిన క్లీనర్ వాడాలి. గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్‌కి దాని క్లీనర్ వేరే ఉంటుంది, ఆ సన్నటి తీగను గుడ్డతో ముట్టుకోనే కూడదు.

ఇక స్కానింగ్. చాలామంది దృష్టిలో స్కానింగ్ అంటే ఈసీయూ నమోదు చేసిన లోపం కోడ్ చదవడం. కోడ్ మాత్రమే చదివి ఆగిపోతే దానివల్ల వచ్చే మేలు తక్కువ. పీ0171 అని వస్తే గాలికి తగినంత పెట్రోల్ అందడం లేదని అర్థం. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి ఆ సెన్సర్‌నే మార్చేసేవాళ్లున్నారు. పాపం ఒకరిది, శిక్ష ఇంకొకరికి. పీ0505, పీ0506 లాంటివి ఐడ్లింగ్ అదుపులో లేదనో, ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉందనో చెప్తాయి. కారణం చెప్పవు.

స్కానర్ అసలు విలువ లైవ్ డేటాలో ఉంది. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. ఈసీయూ తన లెక్కకు పైన ఎంత పెట్రోల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది శాతాల్లో చూపిస్తుంది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు వరుసలుంటాయి, రెండూ కలిపి చూడాలి. సున్నాకి అటూ ఇటూ కొద్ది శాతం ఉంటే కంగారు లేదు. ప్లస్ 10 దాటి నిలిచిపోతే గాలి ఎక్కువైందని గానీ పెట్రోల్ తక్కువైందని గానీ అనుమానించాలి.

ఒకసారి ఐడ్లింగ్‌లో, ఇంకోసారి రేస్ ఇచ్చి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూడండి. ఐడ్లింగ్‌లో బాగా ప్లస్‌లో ఉన్న అంకె 2500 దగ్గర సున్నా వైపు దిగివస్తే ఎక్కడో దొంగగాలి చొరబడుతోంది, అంటే వ్యాక్యూమ్ లీక్. ఐడ్లింగ్‌లో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ప్లస్‌లోకి పోతుంటే పెట్రోల్ సరఫరానో, మురికి పట్టిన ఎంఏఎఫ్ సెన్సర్‌నో చూడాలి. ఐడ్లింగ్‌లో బాగా మైనస్‌లో ఉంటే ఎక్కడి నుంచో అదనంగా పెట్రోల్ గానీ దాని ఆవిరి గానీ వస్తోంది. మరి ట్రిమ్ రెండు చోట్లా సున్నా దగ్గరే ఉండి, ఆర్‌పీఎం మాత్రం తక్కువగా ఉంటే? అప్పుడే క్లీనర్ డబ్బా చేతిలోకి తీసుకోండి. ఎందుకంటే మసి గాలిని తగ్గిస్తుందే తప్ప కొలతను తప్పించదు. తక్కువ గాలికి తక్కువ పెట్రోల్ పడుతుంది, మిశ్రమం సరిగానే ఉంటుంది, ఇంజిన్‌కి ఊపిరి మాత్రం చాలదు.

థ్రాటిల్ కడగాలో లేదో థ్రాటిల్ విప్పకుండానే ఇలా తెలుస్తుంది. నేను స్కానింగ్ వైపు మొగ్గడానికి ఇది మొదటి కారణం. రెండో కారణం, స్కానింగ్ సాక్ష్యాన్ని చెరపదు. కడిగే పనిలో బ్యాటరీ వైరు తీశారంటే చాలా కార్లలో కోడ్‌లు, నేర్చుకున్న ట్రిమ్‌లు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే ముందు స్కాన్, తర్వాతే క్లీనింగ్.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఎంఏఎఫ్ లేకుండా, సిలిండర్లకు గాలిని పంచే మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే ఎంఏపీ సెన్సర్‌తో నడిచే ఇంజిన్లలో దొంగగాలి కూడా చాలావరకు లెక్కలోకి వచ్చేస్తుంది. వాటిలో లీక్ ఉన్నా ట్రిమ్ పెద్దగా మారకపోవచ్చు, ఆర్‌పీఎం పెరగడమో పైకీ కిందికీ ఊగడమో కనిపిస్తుంది. మీ కారులో ఏ సెన్సర్ ఉందో తెలుసుకున్నాకే అంకెలను నమ్మండి.

నా కారులో ఎంఏఎఫ్ ఉంది. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ 22, 2500 దగ్గర ప్లస్ 3. అప్పటికే రెండుసార్లు థ్రాటిల్ కడిగించాను, ప్లగ్గులు మార్పించాను. ఆ రెండు అంకెలు చూశాక వెతకాల్సింది ఎక్కడో తెలిసింది. క్రాంక్‌కేస్ ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి తెచ్చే పీసీవీ గొట్టం, మ్యానిఫోల్డ్‌లో కలిసే చోట అడుగువైపు చీలిపోయి ఉంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది, వేలితో వంచితే నోరు తెరిచింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. అంత చిన్న రబ్బరు ముక్క కోసం నాలుగు నెలలు ప్రతి కూడలిలో గుండె దడతో ఆగాను.

ఇలాంటి చీలికలకి పొగ పరీక్ష మేలు. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే చీలిక ఉన్న చోట అది బయటికి కనిపిస్తుంది. నడుస్తున్న ఇంజిన్ మీద మండే స్ప్రే కొట్టి ఆర్‌పీఎం మార్పు చూసే పాత అలవాటు ఇంకా ఉంది. వేడి సైలెన్సర్ పైపు, నిప్పురవ్వలు పక్కనే ఉంటాయి కాబట్టి నేను దాన్ని ఎవరికీ చెప్పను.

పార్టులు మార్చడం

ప్లగ్గులకు గడువు తీరి ఉంటే మార్చండి, దానికి ఏ పరీక్షా అక్కర్లేదు. మిగతా ఏ పార్టునైనా పరీక్షలో దొరికాకే మార్చాలి. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ మీద అనుమానం ఉందనుకోండి. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్, అక్కడ పెట్రోల్ సరిగా మండడం లేదు. ఒక్కో ప్లగ్గుకి విడిగా కాయిల్ ఉండే ఇంజిన్ అయితే రెండో సిలిండర్ కాయిల్‌ని మూడోదానితో అటూ ఇటూ మార్చి చూడండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్‌దే తప్పు. రెండో సిలిండర్‌లోనే ఉండిపోతే కాయిల్ కొనే పని తప్పింది, ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. మిస్సింగ్ ఉన్న కారును మాత్రం అలాగే తిప్పకండి. కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని పాడు చేస్తుంది.

కోడ్ రానివి, కడిగినా పోనివి

స్కానర్ కన్నా డ్రైవర్ గమనిక ఎక్కువ చెప్పే సందర్భాలున్నాయి. ఎప్పుడు ఆగుతోందో వారం రోజులు రాసిపెట్టుకోండి.

పెట్రోల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ కాకుండా సతాయించి, తర్వాత కునుకుతూ ఆగిపోతుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయి ఉండవచ్చు. ట్యాంకు నుంచి వచ్చే ఆవిరిని అది వేళకాని వేళ ఇంజిన్‌లోకి వదులుతుంటుంది. బ్రేక్ పెడల్ తొక్కినప్పుడల్లా ఐడ్లింగ్ మారి, పెడల్ దగ్గర బుస్సుమనే శబ్దం వస్తే బ్రేక్‌కి బలం చేర్చే బ్రేక్ బూస్టర్ డయాఫ్రమ్ చూడాలి. దాన్ని ఐడ్లింగ్ సమస్యగా కాక బ్రేకు సమస్యగా తీసుకుని ఆ రోజే చూపించండి. ఇంజిన్ బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంటే క్రాంక్ పొజిషన్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే వేగంలో బాగుండి ఆగినప్పుడు వణుకుతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ విడిపోకపోతే, మాన్యువల్ కారును క్లచ్ తొక్కకుండా ఆపినట్టే ఇంజిన్ ఆగిపోతుంది. పక్కన బండ్లు లేని ఖాళీ చోట, పూర్తిగా ఆగడానికి కొంచెం ముందు న్యూట్రల్‌లోకి వేయండి. అప్పుడు ఇంజిన్ హాయిగా నడుస్తుంటే తప్పు గేర్‌బాక్స్ వైపు ఉంది, థ్రాటిల్‌ని ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు.

స్కానర్ దొరకని చోట ఉంటే కడగడంతో మొదలుపెట్టడం తప్పు కాదు. అయితే విప్పిన చేత్తోనే ప్రతి రబ్బరు గొట్టాన్నీ అడుగువైపు నుంచి కూడా తడిమి చూడండి. కడిగిన వెంటనే ఆర్‌పీఎం 1200 దాకా ఎక్కితే బెదిరిపోవద్దు. మసి ఉన్నప్పుడు ఈసీయూ రేకును కాస్త ఎక్కువగా తెరవడం అలవాటు చేసుకుంది, ఇప్పుడు దారి ఖాళీ అయింది కాబట్టి గాలి ఎక్కువవుతోంది. కొన్ని కార్లు నడుపుతుంటే వాటంతట అవే సర్దుకుంటాయి, కొన్నిటికి ఐడిల్ రీలెర్న్, అంటే ఈసీయూకి ఐడ్లింగ్ లెక్క మళ్లీ నేర్పడం, చేయాలి. ఆ పద్ధతి కారుని బట్టి మారుతుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి.

బాగయ్యేదాకా ఆ కారునే నడపక తప్పకపోతే, కదులుతుండగా ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో ఇంట్లో నడిపే అందరికీ చెప్పి ఉంచండి. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. బ్రేక్ బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కులకు సరిపడా బలమే మిగిలి ఉంటుంది. పెడల్‌ని పదేపదే వదిలి తొక్కకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టి, రోడ్డు పక్కకు తెచ్చి కారు ఆపండి. ఆ తర్వాతే మళ్లీ స్టార్ట్ చేయండి.