ఇంటి చదువు నుంచి అగ్రశ్రేణి కళాశాలకు: ఓపెన్ స్కూలా, కేంబ్రిడ్జా, ఏ బోర్డూ లేకుండానా – ఏది మేలు?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలనుకున్న తల్లిదండ్రులు తొలి ఏళ్లలో కొంత నిశ్చింతగానే ఉంటారు. పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి మాత్రం, అంతవరకు బంధువులు అడుగుతూ వచ్చిన ప్రశ్న వారి మనసులోనూ మొదలవుతుంది: రేపు ఐఐటీలో గానీ, ప్రభుత్వ వైద్య కళాశాలలో గానీ, అమెరికాలోని ఎంఐటీలో గానీ ఈ బిడ్డను చేర్చుకుంటారా? చేర్చుకుంటారు, కానీ ఒక్కో సంస్థ ఒక్కో రకమైన రుజువు అడుగుతుంది. ఆ రుజువు సంపాదించడానికి మన దేశంలోని కుటుంబాల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్ ద్వారా పది, పన్నెండు పూర్తి చేయడం ఒకటి. కేంబ్రిడ్జ్ బోర్డు ఐజీసీఎస్ఈ (పదో తరగతి స్థాయి), ఏ లెవెల్ (పన్నెండో తరగతి స్థాయి) పరీక్షలను ప్రైవేటు అభ్యర్థిగా రాయడం రెండవది. ఏ బోర్డు ధ్రువపత్రమూ లేకుండా, అమెరికా కళాశాలల ప్రవేశాలకు రాసే శాట్ వంటి పరీక్షలనూ స్వయంగా సాధించిన పనినీ నమ్ముకుని విదేశాలకు దరఖాస్తు చేయడం మూడవది.

మూడవ దారి గురించి మాట వచ్చినప్పుడల్లా ముంబైకి చెందిన మాళవిక రాజ్ జోషి పేరు వినిపిస్తుంది. ఏడో తరగతి దశలో బడి మానేసి ఇంట్లో చదువుకున్న ఆ అమ్మాయికి 2016లో ఎంఐటీ సీటు ఇచ్చింది. పన్నెండో తరగతి ధ్రువపత్రం లేనందున ఐఐటీల ద్వారం ఆమెకు తెరుచుకోలేదు. మన దేశంలో చెన్నై గణిత సంస్థ మాత్రమే ఆమెకు పై స్థాయి తరగతుల్లో చోటిచ్చింది. ఈ ఉదంతాన్ని చాలామంది సగమే చెబుతారు. ఆమె ప్రోగ్రామింగ్ పోటీ అయిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో రెండు రజతాలు, ఒక కాంస్యం గెలుచుకున్న విద్యార్థిని; ఆ పోటీకి ఏ దేశమైనా ఏటా పంపగలిగేది నలుగురినే. హైస్కూలు డిప్లొమా తప్పనిసరి కాదని ఎంఐటీ చెప్పే మాట నిజమే అయినా, డిప్లొమా ఉండవలసిన చోట ఆమె దగ్గర అంతకంటే ఎన్నో రెట్లు బరువైన రుజువు ఉందన్నది అంతకంటే ముఖ్యమైన నిజం. అటువంటి పతకం వస్తుందన్న ఆశతో పద్నాలుగేళ్ల బిడ్డకు బోర్డు పరీక్ష అక్కరలేదని తీర్మానించడం, నా దృష్టిలో, ఆ బిడ్డ భవిష్యత్తుతో పందెం కాయడమే.

అమెరికా కళాశాలలు ఇంటి చదువు విద్యార్థులను కొత్తగా చూడవు. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే. మార్కుల పట్టికను తల్లో తండ్రో తయారు చేయవచ్చు, పాఠశాల కౌన్సిలర్ రాయవలసిన నివేదికనూ వారే రాయవచ్చు. అయితే తల్లి వేసిన మార్కులను మాత్రమే చూసి నిర్ణయం తీసుకోవడం ఏ ప్రవేశ అధికారికైనా కష్టం కనుక, బయటివారి సాక్ష్యానికి విలువ పెరుగుతుంది. కొవిడ్ కాలంలో శాట్‌ను పక్కన పెట్టిన సంస్థల్లో ఎంఐటీ 2022లోనూ, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లోనూ దానిని మళ్లీ తప్పనిసరి చేస్తామని ప్రకటించాయి. బడి పిల్లలకు ఇది అదనపు భారం కావచ్చు గానీ, ఇంటి చదువు విద్యార్థికి మేలు చేసే మార్పు ఇది, ఎందుకంటే అందరితో సమానంగా తూగే కొలమానం అతని చేతికి అందింది. సిఫారసు లేఖల విషయంలో మాత్రం ముందుచూపు కావాలి. ఎంఐటీ ఇద్దరు ఉపాధ్యాయుల లేఖలు అడుగుతుంది: ఒకరు గణితం లేదా విజ్ఞానశాస్త్రం చెప్పినవారు, మరొకరు భాష, చరిత్ర వంటి మానవీయ శాస్త్రాలు చెప్పినవారు. ఇంట్లో అమ్మానాన్నల దగ్గరే అన్నీ నేర్చుకున్న పిల్లలకు ఈ రెండు లేఖలే దొరకని సందర్భాలుంటాయి. అందువల్ల పదిహేనేళ్లు నిండకముందే బయటి గురువుల దగ్గర ఒకటి రెండేళ్లపాటు క్రమంగా చదువుకునే ఏర్పాటు చేయాలి. ఎంత చేసినా ఎంఐటీలో ప్రవేశం దొరికేది దరఖాస్తుదారుల్లో నూటికి ఐదుగురి కంటే తక్కువ మందికేననీ, విదేశీ విద్యార్థులకు ఆ అవకాశం ఇంకా తక్కువనీ గుర్తుంచుకుంటే, దీనిని ఏకైక పథకంగా పెట్టుకోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

ఇక మన దేశానికి వస్తే, ఇక్కడ పన్నెండో తరగతి ఉత్తీర్ణత లేనిదే మిగిలిన ప్రతిభను చూసే ఏర్పాటు దాదాపుగా లేదు. ఎన్ఐఓఎస్ విలువ ఇక్కడే బయటపడుతుంది. 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే సీనియర్ సెకండరీ (పన్నెండో తరగతి) ధ్రువపత్రాన్ని, కనీసం ఐదు సబ్జెక్టులతో పూర్తి చేసి ఉంటే, ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హతగా గుర్తిస్తారు. పదో తరగతికి 14 ఏళ్లు, సీనియర్ సెకండరీకి 15 ఏళ్లు నిండితే చేరవచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల వరకు సబ్జెక్టులు పూర్తి చేసుకోవచ్చు. ఖర్చు కొద్ది వేల రూపాయలకు మించదు.

ఈ వెసులుబాటులోనే రెండు చిక్కులున్నాయి. మొదటిది మార్కులు. అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వచ్చినా, పన్నెండులో 75 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65) గానీ, తమ బోర్డులో తొలి 20 పర్సెంటైల్‌లో స్థానం గానీ లేకపోతే ఐఐటీ సీటు దక్కదు. ఎన్ఐఓఎస్ పరీక్ష సులువన్న నమ్మకంతో ప్రాక్టికల్స్‌ను, అసైన్‌మెంట్లను చివరి వారానికి వాయిదా వేసే విద్యార్థి ఈ గీత దగ్గరే ఆగిపోతాడు. రెండవది కాలం. పన్నెండో తరగతి పరీక్ష తొలిసారి రాసిన ఏడాదిలోనూ, ఆ మరుసటి ఏడాదిలోనూ మాత్రమే అడ్వాన్స్‌డ్ రాయనిస్తారు. పిల్లవాడు చురుకైనవాడని తొందరపడి ముందే పన్నెండు రాయిస్తే, పోటీ పరీక్షకు సిద్ధం కాకముందే ఆ రెండు అవకాశాలూ కరిగిపోతాయి. ఈ ఒక్క నిబంధన తెలియక ప్రణాళిక వేసుకోవడం కంటే పెద్ద పొరపాటు ఈ దారిలో లేదు.

వైద్య విద్య ఆశించేవారికి ఓపెన్ స్కూలు పనికిరాదన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఓపెన్ స్కూలు విద్యార్థులను అనుమతించని ఒకప్పటి నిబంధనలు ఆ భయానికి కారణం. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని తప్పుపట్టింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ తన విధానాన్ని మార్చుకుంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టులో ఈ వివాదం ఓపెన్ స్కూలు విద్యార్థులకు అనుకూలంగా ముగిసింది. కనుక వైద్య ప్రవేశ పరీక్ష నీట్ కోసం ఇంటి చదువును వదులుకోనక్కరలేదు. ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలన్న నియమం మాత్రం అందరితో పాటు వీరికీ వర్తిస్తుంది.

కేంబ్రిడ్జ్ ఏ లెవెల్‌కు ఉన్న గౌరవం నిజమైనది. బ్రిటన్, సింగపూర్ విశ్వవిద్యాలయాలకు అది పుట్టింటి చదువు వంటిది. అమెరికాలోనూ దాని గ్రేడ్లకు వివరణ అక్కరలేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హత జాబితాలోనూ దానికి చోటుంది. అయితే ఒక్కో సబ్జెక్టుకే వేల రూపాయల రుసుము కట్టాలి, సైన్సు ప్రాక్టికల్ పరీక్షకు ప్రైవేటు అభ్యర్థిని అనుమతించే కేంద్రాన్ని వెతుక్కోవాలి, ఇక్కడ చేరేటప్పుడు ఆ చదువు మన పన్నెండో తరగతికి సమానమని తెలిపే పత్రాలు, గ్రేడ్లను శాతాలుగా మార్చే లెక్కలు చూసుకోవాలి. దాని పాఠ్యక్రమం లోతైనదే గానీ జేఈఈ సిలబస్‌తో పూర్తిగా కలవదు. రెండింటినీ ఒకేసారి మోయడం చాలామంది పిల్లలకు భారమవుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఓపెన్ స్కూలు సొసైటీలు కూడా ఇంటర్మీడియట్ ధ్రువపత్రం ఇస్తాయి. ఇతర రాష్ట్రాల్లోనూ చదివే ఆలోచన ఉన్నవారికి ఎన్ఐఓఎస్ మరింత అనువైనది. ఏదో ఒక బడిలో పేరు మాత్రం నమోదు చేయించే డమ్మీ అడ్మిషన్ జోలికి మాత్రం వెళ్లకూడదు. 2024 నవంబరులో సీబీఎస్ఈ ఈ కారణంగానే ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 పాఠశాలల గుర్తింపు రద్దు చేసింది. చట్టబద్ధమైన దారి చవకగా అందుబాటులో ఉండగా బిడ్డ చదువును అబద్ధపు హాజరు మీద నిలబెట్టడం అన్యాయం.

అందుకే, ఇప్పటి పరిస్థితుల్లో అత్యధిక కుటుంబాలకు ఎన్ఐఓఎస్ మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అది ఇక్కడి ద్వారాలను తెరిచి ఉంచుతుంది, విదేశీ దరఖాస్తుకు అడ్డు రాదు, అన్నిటికీ మించి రోజులో ఎక్కువ సమయాన్ని విద్యార్థికే మిగులుస్తుంది. ఆ మిగిలిన సమయాన్ని ఒలింపియాడ్ గణితానికో, ప్రోగ్రామింగ్‌కో, సొంత ప్రయోగాలకో, సంగీతానికో వెచ్చించినప్పుడే ఇంటి చదువు ఒక దరఖాస్తులో కనిపించే బలంగా మారుతుంది. విదేశంలోనే, ముఖ్యంగా బ్రిటన్‌లోనే చదవాలన్న నిర్ణయం పదో తరగతికి ముందే స్థిరపడి, ఖర్చుకు వెనుకాడని కుటుంబమైతే ఏ లెవెల్‌ను ఎంచుకోవచ్చు. ఏ బోర్డూ లేని దారిని, అంతర్జాతీయ స్థాయి విజయం అప్పటికే చేతిలో ఉన్న విద్యార్థికి తప్ప ఎవరికీ నేను సూచించను. అటువంటి విద్యార్థి సైతం రెండు పరీక్షల కాలం వెచ్చించి ఎన్ఐఓఎస్ ధ్రువపత్రం తీసుకుని ఉంచుకుంటే పోయేదేమీ లేదు.